గెడ్డదాకా చేరని కాలువ, ప్లానుకి కట్టిన ఛార్జీలు

ప్లాను అప్రూవల్‌కి ఎంత కట్టాలో లెక్క వచ్చినప్పుడు, విజయనగరంలో అయినా శ్రీకాకుళంలో అయినా ఇల్లు కట్టుకునేవాళ్లు ముందు చూసేది అడుగున ఉన్న మొత్తం. ఎంత, ఎప్పటిలోగా. దాని పైనున్న వరసల్ని చాలామంది చదవరు, ఎల్‌టీపీ, అంటే ప్లాను గీసి పెట్టే లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడు, చెప్పిన మాట విని కట్టేస్తారు. ఆ వరసలే చదవాలి. వాటిలో కొన్ని ఆఫీసు మీ పని చేసిపెట్టినందుకు తీసుకునేవి. మిగతావి మీ ఇల్లు రావడం వల్ల ఊరి మీద పడే ఖర్చు పేరు చెప్పి తీసుకునేవి. ఈ రెండో రకం డబ్బు రోడ్డుగా, కాలువగా, నీటి పైపుగా తిరిగి రావాలి. రాకపోతే అడిగే హక్కు కట్టినవాళ్లకి ఉంది. అడగాలంటే ముందు ఏది ఏమిటో తెలియాలి.

పర్మిట్ ఫీజు, స్క్రూటినీ ఫీజు డ్రాయింగు పరిశీలించినందుకు. వాటితో పేచీ లేదు. కార్మిక సెస్సు నిర్మాణ ఖర్చులో 1 శాతం. అది భవన నిర్మాణ కార్మికుల సంక్షేమానికి పోతుంది, మున్సిపాలిటీకి మిగిలేది కాదు. 1996 నాటి కేంద్ర చట్టం కింద, సొంతంగా ఉండడానికి 10 లక్షల లోపు ఖర్చుతో కట్టుకునే ఇంటికి అది పడేది కాదు; 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ ఆ పరిమితిని 50 లక్షలు చేసింది. ఖాళీ స్థలం పన్ను బకాయి ఉంటే దాన్నీ ఇక్కడే వసూలు చేస్తారు. ఇవి తీసేస్తే మిగిలేవి బెటర్‌మెంట్ ఛార్జీ, డెవలప్‌మెంట్ ఛార్జీ, అప్రూవ్డ్ లేఅవుట్‌లో లేని స్థలమైతే 14 శాతం ఓపెన్ స్పేస్ ఛార్జీ, ఎత్తైన భవనమైతే ఇంపాక్ట్ ఫీజు. ఈ పోస్టు వీటి గురించే.

బెటర్‌మెంట్ స్థానిక సంస్థది. స్థలం విస్తీర్ణం మీద చదరపు మీటరుకి ఇంత అని వేస్తారు. డెవలప్‌మెంట్ ఛార్జీ పట్టణాభివృద్ధి సంస్థది. ఇప్పుడు దానికి ఆధారం 2016 నాటి మెట్రోపాలిటన్ రీజియన్, అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీల చట్టం. మన వైపు విజయనగరం వీఎంఆర్‌డీఏ (విశాఖపట్నం మెట్రోపాలిటన్ అథారిటీ) కిందికి, శ్రీకాకుళం సుడా (శ్రీకాకుళం అథారిటీ) కిందికి, బొబ్బిలి బుడా (బొబ్బిలి అథారిటీ) కిందికి వస్తాయి. అంటే ఒకే ఇంటికి కట్టే డబ్బు రెండు జేబుల్లోకి వెళ్తుంది. మీ వీధి రోడ్డు కార్పొరేషన్‌దో పంచాయతీదో అవుతుంది, డెవలప్‌మెంట్ ఛార్జీ మాత్రం అథారిటీ ఖాతాలో ఉంటుంది. కార్పొరేషన్‌కి వెళ్లి "ఇంత కట్టాం, కాలువ ఏది" అని అడిగితే "ఆ పద్దు మాది కాదు" అంటారు. అది తప్పించుకునే మాటే కానక్కర్లేదు, నిజమే కావచ్చు. అందుకే రసీదులో ఏ వరస ఎవరి పేరున ఉందో చూసుకోవాలి.

చిన్న విషయమే గానీ చాలామంది ఇక్కడ పొరబడతారు. మన కొనుగోళ్లన్నీ గజాల్లో, సెంట్లలో. ఛార్జీలు చదరపు మీటర్లలో. 200 గజాలంటే 167.2 చదరపు మీటర్లు. చదరపు మీటరు రేటుని గజం రేటు అనుకుని లెక్కేస్తే మొత్తం ఇరవై శాతం దాకా ఎక్కువొస్తుంది. సెంటు 48.4 గజాలు, ఎకరా 4,840 గజాలు. ఈ మూడు అంకెలు గుర్తుంటే చాలు.

అసలు ఒక లేఅవుట్ వస్తే ఊరి మీద పడే బరువెంత? దాన్ని లెక్కగట్టొచ్చు. నెల్లిమర్ల రోడ్డు వైపో ఎచ్చెర్ల వైపో అయిదెకరాల పల్లపు పొలం ప్లాట్లు అయిందనుకుందాం. మొత్తం 24,200 గజాలు. పార్కుకి 10 శాతం, రోడ్లకి సుమారు 30 శాతం పోతే అమ్మకానికి మిగిలేది 14,500 గజాలు, అంటే 200 గజాల ప్లాట్లు డెబ్భై పైచిలుకు. ఇంటికి రెండు వాటాలు, వాటాకి నలుగురు అనుకుంటే డెబ్భై ఇళ్లలో 560 మంది. పట్టణ నీటి సరఫరా ప్రమాణం మనిషికి రోజుకి 135 లీటర్లు. అంటే రోజుకి 75,600 లీటర్లు, అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు పదిహేను. వాడిన నీటిలో 80 శాతం మురుగుగా బయటికి వస్తుంది, అది 60 వేల లీటర్లు. నిన్నటిదాకా అక్కడి నుంచి ఒక్క బిందె మురుగు వచ్చేది కాదు.

వాననీరు ఇంకా ముఖ్యం. పొలంలో పడిన వానలో మూడో వంతుకి తక్కువే బయటికి పారుతుంది, మిగతాది మడిలో నిలుస్తుంది, ఇంకుతుంది. సిమెంటు రోడ్లు, డాబాలు, పేవర్లు వేసిన ముంగిళ్లు వచ్చాక పది పాళ్లలో ఏడు పాళ్లు పరిగెడుతుంది. గంటకి 60 మిల్లీమీటర్ల వాన పడితే అయిదెకరాల పొలం నుంచి సెకనుకి సుమారు 100 లీటర్లు వస్తాయి. అదే నేల లేఅవుట్ అయ్యాక 235 లీటర్లు. ఆ పొలం కింద ఉన్న గెడ్డ (వాగు) వెడల్పు మాత్రం పెరగలేదు. పైగా మధ్యలో ఉన్న బందని (చిన్న చెరువుని) పూడ్చేసి ఉంటే, నీటిని కాసేపు ఆపి మెల్లగా వదిలే చోటు కూడా పోయినట్టే. ఈ తేడా, అంటే సెకనుకి అదనంగా వచ్చే 135 లీటర్ల నీరే ఇంపాక్ట్. దాన్ని మోసే కాలువకయ్యే ఖర్చులో న్యాయమైన వాటా ఇంపాక్ట్ ఫీజు.

న్యాయమైన వాటా ఎంతో తేల్చడానికి పద్ధతి ఉంది. ఉదాహరణకి గెడ్డదాకా 800 మీటర్ల కాలువ కావాలి, మీటరుకి 6,000 చొప్పున 48 లక్షలవుతుంది అనుకుందాం. ఈ అంకెలు లెక్క చూపించడానికి పెట్టినవే. ఆ కాలువలోకి 40 ఎకరాల నీరు వస్తుంది. అందులో 24 ఎకరాల్లో ఇళ్లు ఇప్పటికే ఉన్నాయి, కొత్తగా వచ్చేవి 16. పాత ఇళ్ల వాటా 28.8 లక్షలు. అది పన్నుల డబ్బు నుంచి, గ్రాంట్ల నుంచి రావాలి, కొత్తవాళ్ల మీద రుద్దకూడదు. మిగిలిన 19.2 లక్షలు 16 ఎకరాలకి పంచితే ఎకరాకి 1.2 లక్షలు. ఎకరాలో అమ్మకానికి మిగిలేది 2,900 గజాలు, కాబట్టి గజానికి 41 రూపాయలు. 200 గజాల ప్లాటుకి 8,300 లోపే. ఒక్కో ఇల్లు పెట్టలేనంత డబ్బేమీ కాదు.

ఈ లెక్కలో మూడు నియమాలున్నాయి. పాత లోటుని కొత్త ఇంటి మీద వేయకూడదు. వసూలు చేసే డబ్బుకి, కట్టే పనికి సంబంధం కనిపించాలి. వాటా బరువుకి తగ్గట్టు ఉండాలి. అమెరికాలో ఈ ఫీజు ముప్పై నలభై ఏళ్లుగా స్థిరపడిన పద్ధతి. అక్కడి సుప్రీంకోర్టు చివరి రెండు నియమాల్నీ కేసుల మీద కేసుల్లో గట్టిగా పట్టుకుంది. ఒరెగాన్ రాష్ట్రం టైగార్డ్ ఊళ్లో ఫ్లోరెన్స్ డోలన్ అనే ఆవిడ ప్లంబింగు, ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం పెద్దది చేసుకుంటానంటే, పక్కనున్న వాగు ముంపు భాగాన్నీ సైకిల్ దారికి ఒక పట్టీ స్థలాన్నీ ఊరికి ఇచ్చేయమన్నారు. దుకాణం వల్ల పెరిగే రద్దీకి, అడిగిన స్థలానికి తగిన నిష్పత్తి ఉందని ఊరు చూపించలేకపోయింది. 1994లో కోర్టు ఆవిడ పక్షానే తీర్పిచ్చింది. కాలిఫోర్నియాలో 1987లో చేసిన చట్టం ప్రకారం ఈ ఫీజుని విడి ఖాతాలో వేయాలి, ఏటా లెక్క బయట పెట్టాలి. ఖర్చు కాకుండా మిగిలిన డబ్బు దేనికోసమో అయిదేళ్లకోసారి కారణం చూపించాలి, చూపించలేకపోతే వాపసు ఇవ్వాలి. అయినా గొడవలు తప్పలేదు. ఎల్ డొరాడో కౌంటీలో జార్జ్ షీట్జ్ అనే ఆయన ఒక చిన్న ఇంటికి 23,420 డాలర్ల ట్రాఫిక్ ఫీజు కట్టి కోర్టుకెళ్లాడు. చట్టసభ ఒకే రేటుగా నిర్ణయించినంత మాత్రాన ఈ పరీక్ష నుంచి తప్పించుకోలేరని 2024లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. ఆ ఫీజు ఎక్కువా కాదా అన్నది మాత్రం తేల్చకుండా కింది కోర్టుకి పంపింది.

మన దగ్గర చట్టం అంత బిగువుగా లేదు. ఫీజు అంటే తీసుకున్నదానికి ప్రతిఫలంగా ఏదో సేవ ఉండాలని మన సుప్రీంకోర్టు 1954 నుంచీ చెబుతున్నా, 1983లో మన రాష్ట్రపు మార్కెట్ ఫీజుల కేసులోనే ఆ పట్టు సడలించింది. కట్టిన ప్రతి రూపాయికీ సరిసమానంగా తిరిగి రావాలని లేదు, మొత్తం మీద సంబంధం ఉంటే చాలు అంది. కాబట్టి "నేను కట్టిన ఎనిమిది వేలు మా వీధికే పెట్టాలి" అని పట్టుబట్టడానికి వీలు లేదు. "మా ప్రాంతంలో వసూలైన డబ్బుతో ఈ ప్రాంతంలో ఏం చేశారు" అని అడగడానికి మాత్రం పూర్తి వీలుంది.

ఇంతకన్నా పెద్ద సమస్య మన రేట్లు వేసే పద్ధతిలోనే ఉంది. చాలా ఛార్జీలు భూమి విలువలో శాతంగా వేస్తారు. 2006 నాటి నాలా చట్టం కింద పొలాన్ని ఇళ్ల స్థలంగా మార్చడానికి విలువలో శాతం కట్టేవాళ్లం. 2025లో ఆ చట్టాన్ని రద్దు చేసి, లేఅవుట్ లేదా భవన అనుమతి సమయంలో విలువలో 4 శాతం ఎక్స్‌టర్నల్ డెవలప్‌మెంట్ ఛార్జీ పెట్టారు. ఆర్డీవో ఆఫీసు చుట్టూ తిరిగే పని తప్పడం మంచిదే. పేరు కూడా అసలు ఉద్దేశానికి దగ్గరగా వచ్చింది, పాత నాలా పన్నుకి రోడ్డుతోనూ కాలువతోనూ సంబంధమే ఉండేది కాదు. అయితే శాతం లెక్క అలాగే ఉంది. రిజిస్ట్రేషన్ విలువ గజం 20,000 ఉన్న చోట 200 గజాలకి 4 శాతమంటే 1,60,000. గజం 4,000 ఉన్న శివారులో అదే 200 గజాలకి 32,000. విలువ ఎక్కువున్న చోట మెయిన్ రోడ్డు, కాలువ, వీధి లైట్లు సగమన్నా వచ్చేసి ఉంటాయి, విలువ పెరిగిందే వాటి వల్ల. విలువ తక్కువున్న చోట గెడ్డదాకా ఏమీ ఉండదు. అంటే అవసరం తక్కువున్న చోట ఎక్కువ, అవసరం ఎక్కువున్న చోట తక్కువ వసూలవుతుంది. భోగాపురం విమానాశ్రయం చుట్టూ ఉన్న పల్లెల్లో ధరలు ఎగబాకాయి గనక అక్కడ వసూలు బాగానే ఉండొచ్చు. ఆమదాలవలస శివార్లలో, పొందూరు వైపు అలా ఉండదు. కాలువ కాంక్రీటు ఖర్చు మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

ఇందుకు ఒక మినహాయింపు 14 శాతం ఓపెన్ స్పేస్ ఛార్జీ. దాన్ని విలువ మీద వేయడం సబబే. అప్రూవ్డ్ లేఅవుట్‌లో పార్కు స్థలం వదిలిపెడతారు. అనధికార లేఅవుట్‌లో ప్లాటు కొన్నవాళ్ల కోసం ఎవరూ వదల్లేదు కాబట్టి, ఆ స్థలం కొనడానికి బదులుగా డబ్బు కట్టించుకుంటున్నారు. స్థలం కొనాలంటే స్థలం విలువే కొలబద్ద అవుతుంది. గజం 6,000 ఉన్న చోట 200 గజాల ప్లాటుకి ఇది 1,68,000 రూపాయలు. ప్లాటు చవగ్గా వస్తోందని అప్రూవల్ లేనిది కొనేవాళ్లు ధరలో ఈ మొత్తాన్ని కలిపి చూసుకోవాలి. ఇందులో బాధపడాల్సిన సంగతి ఇంకోటి ఉంది. ఆ లేఅవుట్‌లో ప్లాట్లన్నీ అమ్ముడుపోయాక డబ్బు వచ్చినా పార్కుకి కొనడానికి అక్కడ స్థలమే మిగలదు. పిల్లలు ఆడుకునే చోటు ఒకసారి పోతే పోయినట్టే, దాన్ని ఏ ఛార్జీ తిరిగి తేలేదు. క్రమబద్ధీకరణలో ఓపెన్ స్పేస్ ఛార్జీ ఒకసారి కట్టినవాళ్లు ఆ ప్రొసీడింగ్స్, చలానా భద్రంగా దాచుకోవాలి. తర్వాత పై అంతస్తుకి ప్లాను పెట్టినప్పుడు అవి చూపించకపోతే లెక్కలో మళ్లీ ఆ వరస వచ్చి కూర్చుంటుంది. స్థలం మీద కట్టిన బెటర్‌మెంట్ విషయంలోనూ ఇదే జాగ్రత్త.

ఇంపాక్ట్ ఫీజు అన్న పేరుతోనే ఉన్నది ఎత్తైన భవనాలకి వేసే సిటీ లెవెల్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఇంపాక్ట్ ఫీజు. ఉమ్మడి రాష్ట్రంలో 2012 నాటి భవన నిబంధనలు, అంటే జీ.ఓ. 168, దాని విషయంలో ఒక మంచి మాట రాశాయి. వసూలైన డబ్బుని విడిగా ఎస్క్రో ఖాతాలో, అంటే చెప్పిన పనికి తప్ప వేరే దానికి తీయకూడని ఖాతాలో, పెట్టాలి, అందులో సగం అదే ప్రాంతపు సదుపాయాలకి ఖర్చు పెట్టాలి, దానికి ఒక ప్లాను తయారు చేయాలి. మన రెండు ఊళ్లలో అంత ఎత్తు భవనాలు తక్కువ గనక ఈ పద్దు చిన్నదే. ఆ నియమం మాత్రం బెటర్‌మెంట్‌కీ, 4 శాతానికీ కూడా ఉండాల్సింది. శ్రీకాకుళం 1856లో, విజయనగరం 1888లో మున్సిపాలిటీలు అయ్యాయి. ఇంత పాత సంస్థలకి విడి ఖాతా ఒకటి నడపడం కష్టం కాదు.

డబ్బుంటే కాలువ వచ్చేస్తుందా అంటే, అదీ కాదు. కాలువ మట్టం దగ్గరే ఎక్కువ పనులు చెడిపోతాయి. లేఅవుట్ లోపల 250 మీటర్ల రోడ్డు పక్కన అడుగున్నర, అంటే 45 సెంటీమీటర్ల లోతు కాలువ మొదలుపెట్టారు. 250కి 1 వాలు ఇస్తే అటు చివరికి అడుగు మట్టం మీటరు దిగుతుంది. నేల సమంగా ఉంటే చివర్లో లోతు 1.45 మీటర్లు కావాలి. మెయిన్ రోడ్డు పక్క కాలువ లోతు 60 సెంటీమీటర్లే. మన కాలువ అడుగు దానికన్నా 85 సెంటీమీటర్లు కింద ఉంది. నీరు ఎక్కదు కదా. అప్పుడు మేస్త్రీ వాలు తగ్గించేసి వెయ్యికి ఒకటి చేస్తాడు. చివర్లో లోతు 70 సెంటీమీటర్లు, ఇంకా పది సెంటీమీటర్లు కిందే. పైగా ఆ వాలుకి నీటి వేగం చాలదు. సెకనుకి 60 సెంటీమీటర్ల వేగం లేకపోతే ఇసుక, బూడిద, అన్నం మెతుకులు అడుగున కూర్చుంటాయి. ఒక్క వర్షాకాలంలో కాలువ సగం పూడుతుంది. నీరు ఇళ్లముందు నిలిచింది గనక తర్వాత కట్టేవాళ్లు రెండడుగులు మెరక చేసుకుంటారు, ఆ నీరు ముందు కట్టినవాళ్ల గుమ్మంలోకి వస్తుంది. పై నుంచి మళ్లీ సిమెంటు రోడ్డు వేసి ఆరంగుళాలు లేపుతారు. పదేళ్లలో మొదటి ఇల్లు గోతిలో పడినట్టు కనిపిస్తుంది.

అందుకే కాలువ పని గెడ్డ దగ్గర నుంచి మొదలవ్వాలి. గెడ్డలో వరద మట్టం చూసి, కాలువ చివరి అడుగు ఎక్కడుండాలో తేల్చి, అక్కడి నుంచి పైకి లేఅవుట్ల మట్టాలు ఇవ్వాలి. మనకి జరిగేది తిరగబడి. పైన ఉన్న లేఅవుట్ యజమాని తన భాగం ముందు కట్టేస్తాడు, కింది 800 మీటర్లు కట్టాల్సిన సంస్థకి డబ్బు ఇల్లిల్లుగా చుక్కచుక్కగా వస్తుంది. 16 ఎకరాలు నిండడానికి పదేళ్లు పడితే, ఏడాదికి 6 శాతం చొప్పున ధరలు పెరిగినా 48 లక్షల పని 86 లక్షలవుతుంది. కాలువ సగం కట్టి వదిలేస్తే, ఆ సగం చివర ఉన్నవాళ్ల స్థలంలోకే నీరంతా. దీనికి మందు, ముందు సంస్థే అప్పుతోనో గ్రాంటుతోనో పని పూర్తి చేసి తర్వాత ఛార్జీల నుంచి రాబట్టుకోవడం, లేదా పెద్ద లేఅవుట్ యజమాని చేతే కింది కాలువ కట్టించి ఆ ఖర్చుని అతని ఛార్జీల్లో మినహాయించడం. రెండోది అమెరికాలో మామూలే, క్రెడిట్ అంటారు. మట్టాలు మాత్రం సంస్థ ఇంజనీరే ఇవ్వాలి.

ప్లాటు కొనేవాళ్లు కొనకముందే చూసుకోవాల్సింది గిఫ్ట్ డీడ్. లేఅవుట్‌లో రోడ్లు, పార్కు స్థలం స్థానిక సంస్థ పేరున రిజిస్టరు చేసి ఇవ్వాలి. అది జరగకపోతే ఆ రోడ్డు కాగితం మీద ఇంకా పాత రైతుదో రియల్టర్‌దో. ప్రైవేటు స్థలంలో ప్రజల డబ్బు పెట్టడానికి ఏ ఇంజనీరూ అంచనా వేయడు, వేసినా ఆడిట్‌లో పడుతుంది. "ఛార్జీలన్నీ కట్టాం, రోడ్డు వేయరు" అనే చాలా కాలనీల్లో చిక్కు ఇక్కడే ఉంటుంది. సర్వే నంబరు మీద ఈసీ (రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే గిఫ్ట్ డీడ్ కనిపిస్తుంది. ఎల్‌.పి. (లేఅవుట్ అనుమతి) నంబరు ఉందా, అది టౌన్ ప్లానింగ్ నుంచో అథారిటీ నుంచో వచ్చిందా, ఒట్టి పంచాయతీ ముద్రేనా అన్నదీ చూడాలి. టెక్నికల్ అప్రూవల్ లేకుండా పంచాయతీ సొంతంగా లేఅవుట్ ఇవ్వలేదు. 2017 నిబంధనల ప్రకారం పనులు పూర్తయ్యేదాకా 15 శాతం ప్లాట్లు తనఖాలో ఉండాలి. కాలువ పూర్తి కాకుండానే ఆ ప్లాట్లు విడుదలయ్యాయంటే, యజమాని చేత పని చేయించే పట్టు పోయినట్టే. తనఖాలో ఉన్న ప్లాటు నంబర్లు ప్లానులోనే రాసి ఉంటాయి.

ఇల్లు కట్టేసినవాళ్లకి మిగిలిన దారి సమాచార హక్కు. కార్పొరేషన్‌కైనా అథారిటీకైనా దరఖాస్తు రుసుము 10 రూపాయలు, జవాబు 30 రోజుల్లో రావాలి. గ్రామ పంచాయతీ అయితే రుసుము లేదు. "మా కాలువ ఎందుకు కట్టలేదు" అని రాస్తే జవాబు రాదు. కారణాలు వివరించే పని సమాచార అధికారిది కాదు, ఉన్న రికార్డు ఇవ్వడం ఆయన పని. అందుకని ఇలా రాయాలి: "ఫలానా వార్డులో గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో బెటర్‌మెంట్ ఛార్జీ, ఓపెన్ స్పేస్ ఛార్జీ, ఎక్స్‌టర్నల్ డెవలప్‌మెంట్ ఛార్జీ కింద వసూలైన మొత్తం, పద్దు వారీగా, సంవత్సరం వారీగా. అవి జమ అయిన ఖాతా శీర్షిక. ఆ పద్దు నుంచి మంజూరైన పనుల జాబితా, అంచనా విలువ, చెల్లించిన బిల్లు. వార్డులో పూర్తయిన కాలువ పనుల ఎం.బుక్ (కొలతల పుస్తకం) నకళ్లు, కాలువ అడుగు మట్టాలు చూపించే లెవెల్ షీటు." అథారిటీకి వేరే దరఖాస్తు పెట్టి డెవలప్‌మెంట్ ఛార్జీ గురించి అడగాలి. 30 రోజుల్లో రాకపోతే, ఆ తర్వాత 30 రోజుల లోపు అదే ఆఫీసులో మొదటి అప్పీలు వేయాలి. ఒక్కరు కాకుండా కాలనీ సంఘం తరఫున నలుగురు విడివిడిగా నాలుగు పద్దులు అడిగితే, ఒక్కో జవాబూ పొట్టిగా, తేల్చుకోవడానికి వీలుగా వస్తుంది. లెవెల్ షీటు చేతికొచ్చాక చివరి అంకె, గెడ్డ దగ్గరి మట్టం, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.